ఉప్పు గుంటలోనే ఉంటుంది

ఆ ఒక్క వరుస నేనే రాశాను.
స్టోన్‌హౌస్‌పేటలో, మందులషాపు మీది గదిలో,
కరెంటు పోయిన మే నెల మధ్యాహ్నం
డేటాబేస్ పేరు, దాని పక్కన పాస్‌వర్డు,
రెండు కొటేషన్ గుర్తుల మధ్య, పూర్తిగా.
తర్వాత తీసేద్దాంలే అనుకున్నాను.
తర్వాత అనేది నేను రోజూ బోర్డు చదివే ఊరు,
ఎన్నడూ బస్సు దిగింది లేదు.

పదకొండు నెలలు ఏమీ కాలేదు.
విడవలూరు నుంచి అల్లూరు దాకా
నూట నలభై రొయ్యల గుంటల ఆక్సిజన్ లెక్క
ఐదు నిమిషాలకోసారి
మేమెవరమూ చూడని యంత్రంలోకి వెళ్ళి కూర్చునేది.
మూడుకు దిగితే
ఆ గుంట మనిషి ఫోను గీపెట్టేది.

మొన్న శనివారం కోడ్ అంతా బయట పెట్టాం,
కొత్తగా చేరిన జోయెల్‌కి సులువని.
నలభై నిమిషాలు.
అంతే చాలింది, వాకిళ్ళన్నీ వాసన చూస్తూ తిరిగే
ఏ దేశానిదో ఒక ప్రోగ్రాముకి.
రాత్రి చూస్తే మా డేటాబేసులో
ఎరగని చిరునామా ఒకటి
చెప్పులు విప్పుకుని మరీ కూర్చుని ఉంది.

వరుస చెరిపేశాను.
సున్నం కొట్టిన గోడ మీద
పాత ఎన్నికల గుర్తు వానకి తేలినట్టు
వెనకటి కమిట్లలో, నా పేరుతో, తేదీతో,
అది అక్కడే ఉంది.
చెరిపితే పోదు. తాళమే మార్చాలి.
మార్చాను.
మార్చగానే యాప్ పడిపోయింది.

రాత్రి రెండున్నర. గుంటల్లో ఊపిరి తగ్గే వేళ.

"చెంగయ్యా, ఫోను మోగదు ఇయ్యాళ. ఏరేటర్లు నువ్వే చూసుకోవాల."
"ఏమైందమ్మా దానికి?"
"తాళం మార్చినాం. కొత్త చెవి దానికింకా ఇయ్యలా."
"పాతది?"
"అందరికీ కనపడేట్టు రాసిపెట్టినా."
కాసేపు కప్పలే మాట్లాడాయి.
"చెవి యాడుందో తలుపు మీదే రాసేదానికి
తాళం యెందుకమ్మా కొనేది"
అన్నాడు. తిట్టు కూడా కాదది. నిజంగానే అడిగాడు.

మరి ఇప్పుడు యాడ పెడతావంటే
ఎట్టా చెప్పాలో తెలియలేదు.
కోడ్‌లో ఉండదు చెంగయ్యా,
అది నడిచే చోట ఉంటది.
లేవగానే చుట్టూ చూసి అడుగుద్ది,
ఇక్కడ నా తాళంచెవి ఏదని.

"ఓ, మన పిల్ల మాదిరి" అన్నాడు.
"హేచరీ నుంచి వచ్చే పిల్ల
ఉప్పు మూటగట్టుకోని రాదు గదా.
అంతా ఒకటే పిల్ల.
ఊటుకూరు గుంటలో పదైదు, మా గుంటలో ఎనిమిది.
ఉప్పు గుంటది."

ఏడేళ్ళుగా చేస్తున్న పని
నాకు ఆ మాటతో అర్థమైంది.

మూడు గుంటలు: నా లాప్‌టాప్, ట్రయల్, అసలుది.
లాప్‌టాప్‌లో చుక్కతో మొదలయ్యే చిన్న ఫైలు,
బుగ్గన దిష్టిచుక్క పెట్టి
బయటికి పంపకుండా ఇంట్లోనే ఉంచే పసిబిడ్డ.
అసలుదానికి, క్లౌడ్ పేజీలో
పెద్దక్షరాల పేరు, పక్కన ఖాళీ గడి.
కొత్త పాస్‌వర్డు అతికించాను.
అతికించీ అతికించగానే
అదీ చుక్కలైపోయింది, నాకే కనపడకుండా.

మొదటిసారి లేవలేదు.
పేరులో ఒక అక్షరం తప్పు.
జోయెల్ నిద్రకళ్ళతో చూసి పట్టుకున్నాడు.

మూడూ నలభైకి, చెంగయ్య ఇంకా లైన్లోనే ఉండగా
అతని చెవి పక్కనే ఫోను గీపెట్టింది.
"నీ యాప్ లేసిందమ్మా" అన్నాడు.
"ఏరేటర్లు నేను అప్పుడే వేసినాలే."

ఉండబట్టలేక అడిగాను:
"మోటారు షెడ్డు తాళంచెవి నువ్వు యాడ పెడతావు?"

జవాబు లేదు.
చాలాసేపు, చీకట్లో,
నీళ్ళని చరుస్తున్న రెక్కల చప్పుడు.